మావయ్యగారి మెరుపు

మా ఇంట్లో గాలం కర్రలకి రింగులు చుట్టేది నేనని ఊళ్ళో వాళ్ళకి మొదటిసారి తెలిసింది ఒక తప్పు జరిగాక. అంతకుముందు ఏళ్ళ తరబడి చుట్టాను. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. తప్పు అనేసరికి మాత్రం మావారి నోట నా ఊసు ఎంత చటుక్కున వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మా ఊరి చెరువులో చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో గాలం వెయ్యనివ్వరు. ఆ కట్టడి ఎత్తేసిన రోజు నుంచి ఈదురుగాలులు మొదలయ్యేదాకా గట్టు పొడుగునా మడతకుర్చీలు, టోపీలు, ఫ్లాస్కులు. మా కొట్టుకి ఊపిరాడని రోజులవి. కొట్టంటే మా ఇంటి ముందుగదే. అక్కడ మావారు, మావయ్యగారు కూర్చుంటారు. దాని వెనక, వంటింటికి ఆనుకుని ఇంకో చిన్న గది. అందులో కిటికీ కింద నా బల్ల. ఆ గదికీ ఈ గదికీ మధ్య ఒక కర్టెను. ఎవరైనా వస్తే ఆ కర్టెను జరిపి మంచినీళ్ళో టీయో ఇచ్చేదాన్ని. వచ్చినవాళ్ళకి నేను ఆ కప్పు పట్టుకున్న చెయ్యినే.

గాలం కర్ర మీద రింగులు ఎందుకో చెప్పాలి. చేతి దగ్గరున్న రీలులోంచి లైను బయలుదేరి, కర్ర పొడుగునా ఉన్న రింగుల్లోంచి దూరుకుంటూ కొసదాకా వెళ్ళి నీళ్ళలో పడుతుంది. రీలు దగ్గర పెద్ద రింగు, అక్కడినుంచి కొసకి వెళ్ళేకొద్దీ చిన్నవి. పెద్ద చేప పడి కర్ర విల్లులా వంగినప్పుడు లైను కర్రకి రాసుకోకూడదు, రింగులోనే ఉండాలి, రింగు దాన్ని కొయ్యకూడదు. అంతే విషయం. కానీ ఆ అంతే విషయంలో వెంట్రుకవాసి తేడా వస్తే పొద్దుటినుంచి కాసుకు కూర్చున్న మనిషి చేతిలో ఖాళీ దారం మిగుల్తుంది.

నేను కర్ర కొసకి బరువు కట్టి, వంచి, లైను ఎక్కడెక్కడ ఆనుతుందో చూసుకుని గుర్తులు పెట్టేదాన్ని. ఆ గుర్తుల దగ్గర రింగు పాదాలని కర్రకి ఆనించి, సన్నదారం పక్కపక్కనే పడేలా, వరస మీద వరస ఎక్కకుండా చుట్టి, చివరి కొసని ఆ చుట్ల కిందికే లాగేసి, పైన వార్నిషు పూసేదాన్ని. ముడి కనపడకూడదు. వేలితో తడిమితే గరుకు తగలకూడదు. ఈ పని నాకు నేర్పింది మావయ్యగారే. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక దారం నా చేతికొచ్చింది. ఆయనకి మిగిలింది మెరుపు.

మావయ్యగారి మెరుపంటే చెరువు చుట్టూ పేరు. కర్ర తయారయ్యాక ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని, సన్నటి గుడ్డపేలికకి తెల్లటి పాలిషు పొడి అద్ది, ఒక్కో రింగులో దూర్చి, రెండు కొసలూ పట్టుకుని అటూ ఇటూ లాగేవారు. దానికి చేతుల వణుకు అడ్డం కాదు, పైగా సాయమే అని ఆయనే నవ్వుతూ అనేవారు. అయ్యాక కర్రని గుమ్మంలోకి తీసుకెళ్ళి ఎండలో పట్టుకునేవారు. పెద్ద రింగు నుంచి కొస రింగు దాకా మెరుపు ఒక్క గీతలా పాకేది. కర్ర కొనుక్కునేవాళ్ళు ఆ క్షణం కోసం నిలబడి చూసేవాళ్ళు. ఆ మెరుపు చూశాక చుట్టుడు వైపు ఎవరి కళ్ళూ వెళ్ళేవి కావు.

ఆ ఏడాది రెండు కొత్త సంగతులొచ్చాయి. మొదటిది లైను. అంతకుముందు అందరూ నైలాను లైను వాడేవాళ్ళు, ఒంటిపోగుది, నున్నగా ఉండేది. ఇప్పుడు సన్నటి పోగులు పేనిన అల్లిక లైను వచ్చింది. బలం ఎక్కువ, మందం తక్కువ. కానీ చేతిలోంచి గట్టిగా లాగితే వేలు తెగుతుంది. రెండోది రింగులు. మేము ఎప్పుడూ కొనే ఉక్కు రింగులు చెయ్యడం మానేశారని చెప్పి, ఏజెంటు రెండు కొత్త రకాలు పట్టుకొచ్చాడు. ఒకటి మెరుగుపూతవి, అద్దాల్లా ఉన్నాయి. రెండోవాటికి లోపల నల్లటి రాయిలాంటి కట్టు ఉంది. చూడ్డానికి ఏ కళా లేదు.

నేను టీ ఇవ్వడానికి వెళ్ళి, ఆ నల్లవాటిని ఒకటి తీసి గోటితో గీకి చూశాను. గోరు అరిగింది కానీ అది అరగలేదు.

"ఇవి తీసుకోండి," అన్నాను మావారితో. "ఆ కొత్త లైను వేలినే కోస్తోంది. పూతని ఊరుకుంటుందా?"

ఏజెంటు నా వైపు చూసి, మళ్ళీ మావారి వైపు చూసి నవ్వాడు. "అమ్మగారు కూడా గాలం వేస్తారా?"

"లేదులెండి," అన్నారు మావారు. "ఏదో, డిగ్రీ చదువుకుంది." అదేదో చిన్నప్పుడు వచ్చి తగ్గిన జ్వరం అయినట్టు.

మావయ్యగారు నల్ల రింగుని పేలికతో కాసేపు రుద్ది చూసి పక్కన పెట్టేశారు. "దీనికి మెరుపు పట్టదురా," అన్నారు, పిల్లవాడి మీద దిగులుపడ్డట్టు. దాంతో మెరుగుపూతవే దిగాయి. నల్లవి ఒక్క చిన్న పొట్లం మాత్రం ఏజెంటు నమూనాగా వదిలేసి వెళ్ళాడు. దాన్ని తీసుకెళ్ళి నా బల్ల సొరుగులో పెట్టుకున్నాను.

చెరువు తెరిచి ఇంకా నెల తిరగలేదు. ఒక ఆదివారం పొద్దున్నే వీధిలో కారు ఆగింది. పళ్ళ డాక్టరుగారు. చెరువులో ముసలి చేప ఒకటుందనీ, దాని పెదవికి పాత గాలాల మచ్చలున్నాయనీ, దాన్ని పట్టేది తనేననీ ఏళ్ళ నుంచి చెప్పుకునే మనిషి. ఆయన కర్ర తెచ్చి కౌంటరు మీద పడేసిన చప్పుడుకి నా చేతిలో దారం ఆగిపోయింది.

"ఒడ్డుదాకా వచ్చిందండీ! దాని కన్ను చూశాను నేను. అది నన్ను చూసింది. పుటుక్కుమంది. చూడండి ఈ లైను, పిల్లి కొరికినట్టుంది!"

మావారు లైను కొస చూశారు. పోగులు పోగులుగా విడిపోయి ఉంది. అప్పుడు నేను కర్టెను వెనక టీ కప్పు పట్టుకుని నిలబడి ఉన్నాను. మావయ్యగారు తన కుర్చీలో ఉన్నారు.

"మీ నాన్నగారి చేతి కర్ర ఇట్లా చెయ్యదే!" అన్నారు డాక్టరుగారు.

మావారు ఒకసారి గొంతు సవరించుకున్నారు. "నాన్నగారు కాదండీ. ఈ మధ్య చుట్టడం మా ఆవిడ చేస్తోంది."

"అదీ సంగతి!" అన్నారు డాక్టరుగారు. ఎన్నాళ్ళుగానో నొప్పి పెడుతున్న పన్ను ఏదో దొరికిపోయినట్టు.

ఈ మధ్య! నా పెద్దకూతురు పాలపళ్ళు ఊడక ముందు నుంచి చుడుతున్నాను. డాక్టరుగారు అంతకుముందు వాడి, అందరికీ చూపించి, మురిసిపోయిన రెండు కర్రలూ నేను చుట్టినవే. అవి మావయ్యగారి చేతివి. ఇది మాత్రం నాది.

కప్పు అక్కడే పెట్టేసి నా బల్ల దగ్గరికి వచ్చేశాను. కిటికీలోంచి పక్కసందు చివర కారు కనపడుతోంది. అందులో డాక్టరుగారి భార్య అద్దం దించుకుని పుస్తకం చదువుకుంటోంది. లోపల్నించి ఆయన గొంతు పెరిగినప్పుడల్లా ఒక పేజీ తిప్పేది.

ఆ తర్వాత బస్సు డ్రైవరు వచ్చాడు, ఆ తర్వాత బ్యాంకాయన, ఆ తర్వాత బ్యాంకాయన తమ్ముడు. అందరి లైన్లూ ఒకే రకంగా తెగాయి. అందరికీ మావారు ఒకటే మాట. మాట కూడా అరిగి నున్నబడిపోయింది. "మా ఆవిడ చుట్టుడండీ, సరిచేయిస్తాను." సరిచేయిస్తాను! నేనేదో ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న మనిషినైనట్టు. డ్రైవరు మంచివాడు. "పోనీలెండి, ఆడవాళ్ళు, ఇంటిపనిలో పడి చూసుకోరు," అని క్షమించాడు కూడా. ఎవరడిగారు ఇతన్ని క్షమించమని?

ఎదురింటి టైలరమ్మ గుమ్మంలో కనపడి, "ఏమిటి, నీ దారం ఊడొస్తోందట?" అంది.

"ఎవరన్నారు?"

"బస్సులో అనుకుంటున్నారు. నాకు నవ్వొచ్చింది. నా దగ్గర బ్లౌజు కుట్టు వంకరపోయిందని విప్పించి మళ్ళీ కుట్టించుకునే మనిషివి, నీ దారం ఊడడమేమిటి?"

చెరువు చుట్టుపక్కల నా తరఫున మాట్లాడింది ఆవిడొక్కతే.

ఆ మధ్యాహ్నం తిరిగొచ్చిన కర్రలన్నీ బల్ల మీద పరుచుకున్నాను. ముందు నా పని మీదే అనుమానంతో కూర్చున్నాను. అది నా అలవాటు. ప్రతి చుట్టూ వేలితో తడిమాను, రింగుని పట్టి ఊపాను, వార్నిషు ఎక్కడైనా పగిలిందేమో వెలుతురుకి పెట్టి చూశాను. ఒక్క దారం కదల్లేదు. వార్నిషు బొట్టు ఏదీ రింగులోకి కారలేదు. ఇక రింగులు మిగిలాయి. కంటికి ఏమీ కనపడలేదు, అద్దాల్లా ఉన్నాయి. వంటింట్లోకి వెళ్ళి పిల్లల చెవులు తుడిచే దూది తెచ్చి, చిన్న ఉండ చేసి, కొస రింగులోంచి మెల్లగా లాగాను. దూది సాఫీగా రాలేదు. అడుగున ఒక చోట పట్టుకుంది, చిన్న పోగు అక్కడ మిగిలిపోయింది. తర్వాతి రింగులోనూ అంతే. అన్నిట్లో లైను ఒత్తే వైపునే, వెంట్రుకంత గాడి. ఆ గాడిలో అద్దం రంగు లేదు. పచ్చగా ఉంది.

బల్ల మీద ఇంకో పొట్లంలో వాడని మెరుగుపూత రింగులున్నాయి. ఒకటి తీసి అలాగే ఉంచాను. ఇంకొకదాన్ని మావయ్యగారి పేలికతో, ఆయన పొడితో, ఆయన రుద్దేంతసేపు రుద్దాను. రెండిట్లోంచీ అదే అల్లిక లైను దూర్చి ముందుకీ వెనక్కీ లాగాను. చెయ్యి నొప్పి పుట్టేదాకా లాగాను. రుద్దనిదానికి మొదట్లో ఏమీ కాలేదు. చాలాసేపటికి గాని గీత పడలేదు. రుద్దినదానికి మాత్రం కాఫీ కాగేలోపు గాడి పడింది. కాఫీ పొంగిపోయింది కూడా.

అప్పటికి అర్థమైంది. పాత ఉక్కు రింగులు పైనుంచి లోపలిదాకా ఒకటే ఉక్కు. ఎంత రుద్దినా ఇంకా నునుపెక్కేవి. వీటికి ఉన్నది ఉల్లిపొరంత పూత. మావయ్యగారి మెరుపు ఆ పొరని తినేస్తోంది. అడుగున మెత్తటి ఇత్తడి. దాని మీదికి రంపంలాంటి లైను. గాడి పడ్డ రింగు మళ్ళీ లైనుని కొరుకుతోంది.

వంటింట్లో మావారికి రెండు రింగులూ చూపించాను. దూది ఆయన చేతికే ఇచ్చాను. ఆయన లాగి చూశారు. మళ్ళీ లాగారు. ఆయనకి తెలివి లేక కాదు, ఒక్క నిమిషంలో అర్థమైంది. ముఖం చూస్తేనే తెలిసింది. నేను తెలివితక్కువగా ఇంక గొడవ తీరిపోయిందనుకున్నాను.

ఆయన తలుపు దగ్గరికేశారు. "నాన్నకి చెప్పావా?"

"లేదు. మీకే ముందు."

"చెప్పకు."

"అదేమిటి?"

"ఆయనకి మిగిలింది అదొక్కటే కదా. పొద్దున లేచి ఆ పేలిక పట్టుకుని కూర్చుంటేనే మనిషిలా ఉంటాడు. నీ మెరుపే కొంప ముంచిందంటే ఏమైపోతాడో! నేను మెల్లగా ఏదో ఒకటి చేస్తాను. ఈ సీజను గడవనీ."

"గడిచేదాకా?"

"అందాకా నీ చుట్టుడనే అనుకోనీ. నీకేం పోయింది? నువ్వేమన్నా చెరువు గట్టున కూర్చుంటావా, కొట్లో కూర్చుంటావా? నీ మొహం వాళ్ళెవరికైనా తెలుసా?"

నా మొహం ఎవరికీ తెలియదు కాబట్టి దానికి మసి పూసినా ఫరవాలేదట. అది ఎవరికీ తెలియకుండా కర్టెను వేసింది ఎవరు?

"మీ నాన్నగారికి పేరు మిగలాలి. సరే. మీకు కొట్టు మిగలాలి. సరే. నాకు?"

"నీకు మేమున్నాం కదా," అన్నారాయన. నిజంగానే అన్నారు, వేళాకోళం కాదు. దానికే నాకు మరీ మండింది.

మర్నాడు నేను బల్ల దగ్గర కూర్చోలేదు. పొద్దున్నంతా చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ కూర్చున్నాను. అత్తయ్యగారు వచ్చి పక్కన కూర్చుని తనూ ఒక గుప్పెడు తీసుకున్నారు. ఆవిడకి ఈ ఇంట్లో తెలియకుండా ఉండేది ఏదీ లేదు. తలుపులు దగ్గరికేసినవి మరీ ముందు తెలుస్తాయి.

"పని మానేశావా?"

"మానేశాను."

"మానేస్తే తప్పు ఒప్పుకున్నట్టే కదే."

చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. ఆవిడ తల ఎత్తకుండానే ఈనె లాగుతూ అన్నారు, "వాడు వాళ్ళ నాన్నని కాపాడుకుంటున్నాడు. చిన్నప్పటినుంచీ అంతే. ఈయన అద్దం పగలగొడితే నేను పగలగొట్టానని వాడు చెప్పేవాడు."

"అప్పుడు తను పగలగొట్టానని చెప్పేవారా, మీరని చెప్పేవారా?"

అత్తయ్యగారు ఇంకో కాయ అందుకున్నారు. "నేనని," అన్నారు. ఆ గుప్పెడు కాయలూ అవగొట్టారు. లేస్తూ, "డాక్టరు కర్ర రేపు ఇవ్వాలట. నీ ఇష్టం," అన్నారు.

నేను లేచి వెళ్ళి సొరుగు తీశాను. డాక్టరుగారి కర్ర మీది మెరుగుపూత రింగులన్నీ కత్తితో దారం కోసి ఊడదీశాను. ఇంత నమ్మకంగా చుట్టిన దారం కొయ్యడానికి ఎంత కష్టమైందో, అదొక సాక్ష్యం నాకు. ఏజెంటు వదిలిన నల్లకట్టు రింగుల్లో సైజులు సరిపోయేవి ఏరుకుని, ఒక్కోదాంట్లో దూది లాగి చూసుకుని, కర్ర వంచి మళ్ళీ గుర్తులు పెట్టి, మొదటినుంచీ చుట్టాను. వార్నిషు ఆరాక మామూలుగానే తీసుకెళ్ళి మావయ్యగారి కుర్చీ పక్కన నిలబెట్టాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పొద్దన్నారుగా.

మావయ్యగారు పేలికకి పొడి అద్దుకుని, కర్రని ఒళ్ళోకి తీసుకుని, పెద్ద రింగులో పేలిక దూర్చి ఆగిపోయారు. అటూ ఇటూ తిప్పి చూశారు. మావారు కౌంటరు వెనక నుంచి నా వైపు కళ్ళతోనే వద్దు వద్దు అంటున్నారు.

"అమ్మాయ్, వీటికి నా పని లేదే?"

"లేదు మావయ్యా."

"ఎందుకని మార్చావు?"

నేను మావారి వైపు చూడలేదు. అక్కడే గోడకి ఆనించిన డ్రైవరు కర్ర తెచ్చి ఆయన చేతికిచ్చి, కొంగున ఉన్న దూది ఉండ కూడా ఇచ్చాను. "కొస రింగులోంచి లాగి చూడండి."

ఆయన లాగారు. చెయ్యి వణుకుతోంది కదా, అందుకే పట్టుకుందేమో అనుకున్నట్టున్నారు, రెండోసారి మోచేతిని మోకాలికి ఆనించి లాగారు. మూడో రింగుకి కళ్ళజోడు పైకి నెట్టుకున్నారు. పచ్చటి గాడి చూశారు. తర్వాత తన చేతిలో ఉన్న పేలిక చూసుకున్నారు. దాని మీద కూడా సన్నగా పచ్చటి మరక. రోజూ చూసే మరకే.

"ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"మొన్నటినుంచి."

"వాడికి?"

నేను నేలవైపు చూశాను. ఆయన పేలికని నాలుగు మడతలు పెట్టి, పొడిడబ్బా మూత బిగించి, దాని మీద పెట్టారు. ఫ్యాను ఒకటే తిరుగుతోంది. మావారు కౌంటరు మీద లేని దుమ్ము తుడుస్తున్నారు.

"చిన్నపిల్లాణ్ణి చేశావురా నన్ను," అన్నారు మావయ్యగారు, కొడుకు వైపు చూడకుండానే.

డాక్టరుగారు వచ్చింది అప్పుడే. వస్తూనే కర్ర అందుకుని, "ఏమిటీ నలుపు? మెరుపేదీ?" అన్నారు.

మావయ్యగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన గిరాకీకి లేచి నిలబడడం నేనెప్పుడూ చూడలేదు. "కూర్చోండి డాక్టరుగారూ. మీ చేప పోవడానికి కారణం చుట్టుడు కాదు. రుద్దుడు. రుద్దింది నేను." పూత సంగతీ, ఇత్తడి సంగతీ, లైను సంగతీ ఒక్కటి వదలకుండా ఆయనే చెప్పారు. డాక్టరుగారు జేబులోంచి పళ్ళు చూసే చిన్న భూతద్దం తీసి డ్రైవరు కర్ర కొస రింగుని చాలాసేపు చూశారు.

"అచ్చం ఇదే," అన్నారు చివరికి. "గట్టి బ్రష్షుతో మరీ తెల్లగా తోముకుంటారు చూడండి, పైపొర పోయి లోపల పచ్చబడుతుంది. రోజూ చూస్తాను నేను." భూతద్దం మడిచారు. మావయ్యగారి రెండు చేతులూ పట్టుకున్నారు. "ఈ వయసులో, ఇంత పేరున్న మనిషి, తప్పు నాదని చెప్పడం! ఎంత పెద్దమనసండీ మీది!"

మావారి వైపు తిరిగి, "మీరూ అదృష్టవంతులు," అన్నారు.

నేను అక్కడే, ఆయనకి రెండడుగుల దూరంలో, దూది పోగు వేలికి అంటుకుని నిలబడి ఉన్నాను. ఆయన కళ్ళు నా మీదుగా వెళ్ళి గోడ గడియారం మీద ఆగాయి. క్లినిక్కి వేళయిందన్నారు. వెళ్ళిపోయారు.

వారం తిరిగేసరికి చెరువు గట్టంతా ఆ కథే. పెద్దాయన లేచి నిలబడ్డాడట, తప్పు నాదే అన్నాడట, డాక్టరు కళ్ళు చెమ్మగిల్లాయట. బస్సు డ్రైవరు వచ్చి మావయ్యగారి కాళ్ళ దగ్గర కూర్చుని మరీ విన్నాడు. తండ్రి బాధపడతాడని కొడుకు నోరు కుట్టేసుకున్నాడని, అది కూడా కథలోకి ఎక్కింది, అదీ మెచ్చుకోలుగానే. మావయ్యగారికి మంచి పేరు ఇంకా మంచిదైంది. మావారికి కొత్తగా వచ్చింది. ఆ కథలో నేను లేను. నా చుట్టుడు చెడ్డదన్నప్పుడు నా గురించి మాట్లాడిన నోళ్ళలో ఒక్కటి, అది చెడ్డది కాదని చెప్పడానికి తెరుచుకోలేదు. నింద వేసినప్పుడు మా ఆవిడ. నింద తీసేసినప్పుడు, తీసేయడానికి అక్కడ మనిషే లేదు.

మావారు ఒక రాత్రి భోజనాల దగ్గర, "అంతా మంచికే అయింది చూడు," అన్నారు.

"ఎవరి మంచికి?" అన్నాను. ఆయన మంచినీళ్ళు తాగారు.

మర్నాడు పొద్దున నేను నా బల్ల మీద సామానంతా కింద పెట్టి, దాన్ని లాగడం మొదలుపెట్టాను. పాత టేకు బల్ల. కాళ్ళు నేల మీద కీచుమంటే మావారు కర్టెను పక్కకి నెట్టి వచ్చారు.

"ఎక్కడికి ఇది?"

"ముందుగదిలోకి. గుమ్మం పక్కన వెలుతురు బాగుంటుంది."

"అక్కడా? వచ్చేపోయేవాళ్ళు..."

"ఉంటారు. మొహం తెలుస్తుంది."

ఆయన కదల్లేదు. మావయ్యగారు కుర్చీలోంచి లేచి వచ్చి బల్ల రెండో చివర పట్టుకున్నారు. ఆయన పట్టు ఎంతని, చేతులు వణికి బల్ల కూడా టకటకా వణికింది. "అట్లా చూస్తావేమిటిరా, ఆ కర్టెను తీసెయ్, అడ్డం వస్తోంది," అన్నారు కొడుకుతో. కర్టెను తీస్తుంటే రాడ్డుతో సహా ఊడొచ్చింది. అత్తయ్యగారు దాన్ని ఉతకడానికని తీసుకెళ్ళి మళ్ళీ తేలేదు.

బల్ల గుమ్మం పక్కన పడింది. ఏజెంటుకి కబురు పెట్టి ఇక నల్లకట్టు రింగులే తెప్పించాను. మావయ్యగారికి పేలిక లేదు కాబట్టి తిరిగొచ్చిన ప్రతి కర్రకీ ఆయనే దూది లాగి చూసేవారు. ఇది మనసుకి నచ్చి చేశారని నేను చెప్పలేను. కొన్ని రోజులు మొహం మాడ్చుకునే చేశారు. ఎండలో కర్ర పట్టుకునే అలవాటు చెయ్యిని వదల్లేదు, పైకి ఎత్తి, ఏమీ మెరవక, దించేసేవారు. ఆ నిమిషం నేను తల వంచుకుని దారం చూసుకునేదాన్ని. అంతకంటే నేను చెయ్యగలిగింది లేదు. నాకు ఆయన మీద కోపం లేదని కూడా అనను. ఇన్నేళ్ళూ చుట్టుడు కూడా ఆయనదేనని జనం అనుకుంటున్నారని ఆయనకి తెలుసు కదా.

గిరాకీ వస్తే మాత్రం ఇక టీ కంటే ముందు నా తిట్లే. కర్ర ఇంటికి తీసుకెళ్ళేటప్పుడు గాలం కొక్కేన్ని రింగుకి తగిలిస్తే లోపలి కట్టు చిట్లుతుందని, దానికి వేరే చిన్న కొక్కెం కర్ర మీదే పెట్టానని, కళ్ళు పెట్టి చూడమని. బురదనీళ్ళు ఆరకముందే మంచినీళ్ళతో కడిగి మెత్తటి గుడ్డతో అద్దమని, పీచుతో గాని పొడితో గాని రుద్దారో మళ్ళీ నా గుమ్మం తొక్కొద్దని. బ్యాంకాయన తమ్ముడు, "ఇదివరకు ఇక్కడ ఇంత కరుకు లేదే," అన్నాడు. "ఉంది. కర్టెను వెనక ఉండేది," అన్నాను.

గాలులు మొదలయ్యే ముందు, ఇంక రేపో ఎల్లుండో సీజను ముగుస్తుందనగా, కారు మళ్ళీ ఆగింది. డాక్టరుగారు కర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నా తల మీదుగా లోపలికి చూశారు. "మీవారు లేరా?"

"లోపలున్నారు. నాకు చెప్పండి. చుట్టింది నేను."

ఆయన మొహమాటంగా అటూ ఇటూ కదిలి, చివరికి కర్ర నా బల్ల మీద పెట్టారు. "మళ్ళీ పోయిందండీ. అదే చేప. మళ్ళీ ఒడ్డు దగ్గరే. మీ నల్ల రింగులు కూడా అంతే అన్నమాట."

దూది ఉండ చేసి పక్కనే కుర్చీలో ఉన్న మావయ్యగారికిచ్చాను. ఆయన మోచెయ్యి మోకాలికి ఆనించుకుని, కొస నుంచి రీలు దాకా ఒక్కో రింగులోంచి లాగారు. ఒక్క పోగు మిగల్లేదు. అప్పుడు నేను లైను కొస అందుకుని వెలుతురుకి పెట్టాను. పిల్లి కొరికినట్టు లేదు. పోగులు విడిపోలేదు. కొస వంకీ తిరిగి, మెలికలు పడి ఉంది, విప్పిన జడలా.

"తెగలేదు డాక్టరుగారూ. జారింది. అల్లిక లైనుకి మామూలు ముడి పట్టదు, రెండు చుట్లు ఎక్కువ వెయ్యాలి. రింగుల్లో ఏమీ లేదు, ముడిలో ఉంది." లైను ఆయన ముందు పెట్టాను. "ముడి ఎవరు వేశారు?"

ఆయన నోరు తెరిచారు. ఆయన కళ్ళు వీధిలోకి, కారు వైపు వెళ్ళాయి. కారులో ఆవిడ అద్దం దించుకునే ఉంది. పేజీ తిప్పబోతున్న చెయ్యి ఆగింది. పుస్తకంలోంచి తలెత్తి ఆవిడ కూడా గుమ్మంలోకే చూస్తోంది, నాలాగే, ఆయన ఏం చెబుతాడా అని. మావయ్యగారు దూదిని గుప్పిట్లో పెట్టుకుని ముందుకి వంగారు.

డాక్టరుగారు లైను కొసని వేలికి చుట్టుకుని, మళ్ళీ విప్పారు.

"నేనే," అన్నారు గొణుగుతున్నట్టు.

"కాస్త గట్టిగా చెప్పండి డాక్టరుగారూ," అన్నాను. "లోపల మావారికి కూడా వినపడాలి."